గాలివానయు గడువు తేదియు



పన్ను అను మాట వినగానే రేడియోను కట్టివేయవలెనని కొందఱికి తోచవచ్చును. అట్టివారిని ఒక్క పదునైదు నిమిషములు ఓపిక పట్టుడని వేడుచున్నాను. నేడు నేను చెప్పబోవునది పన్ను ఎంత యను ప్రశ్నను గూర్చి కాదు. పన్ను ఎప్పుడు అను ప్రశ్నను గూర్చి.

ప్రతి పన్నునకును రెండు అంగములు గలవు. మొదటిది మొత్తము; రెండవది తేది. మొత్తమును గూర్చి శాసనసభలలో వాదోపవాదములు జరుగును. పత్రికలలో వ్యాసములు వెలువడును. తేదిని గూర్చి తలచువారు అరుదు. అది పంచాంగములోని తిథివలె తానై వచ్చి తానై పోవునని అందఱును అనుకొందురు. కాని ఇల్లు కూలినవానికి, పొలము మునిగినవానికి, అంగడి కాలినవానికి మొత్తముకంటె తేదియే ఎక్కువ భారమగును. కట్టవలసినది కట్టుటకు వానికి సమ్మతియే. ఆ దినముననే కట్టుట మాత్రము వాని వశములో లేదు. అట్టివానియెడల ప్రభుత్వమునకు గల ధర్మమేమి, ప్రభుత్వముయెడల వానికి గల ధర్మమేమి అనునదే నేటి విషయము.

ముందుగా మూడు మాటల అర్థములను వేఱుచేసికొందము. వ్యవహారములో ఈ మూడింటిని ఒక్కటిగా కలిపి వాడుటవలన నష్టపడినవారు పెక్కుమంది గలరు. మొదటిది వాయిదా. బాకీ బాకీగానే యుండును; చెల్లించు దినము మాత్రము వెనుకకు జరుగును. రెండవది వజా. బాకీలో కొంతగాని అంతయుగాని కొట్టివేయుట. మూడవది మన్నింపు. గడువు దాటినందుకు పడిన వడ్డీని, అపరాధపు రుసుమును తీసివేయుట. వాయిదా వచ్చినదని పత్రికలో చూచి, వజాయే వచ్చినదనుకొని, పన్నునకై దాచిన డబ్బును ఇంటికప్పునకు వ్యయపఱచి, ఆఱునెలల తరువాత తాకీదు రాగా తెల్లబోయిన వారిని నేనెఱుగుదును. నేను వర్తకుల లెక్కలు చూచి బ్రతుకువాడను. అట్టి తాకీదులు మొదట నా బల్లమీదికే వచ్చును.

పూర్వము మన దేశమున పన్ననిన భూమిశిస్తే. దాని గడువులు ఊరక పుట్టినవి కావు. ఫసలీ సంవత్సరము జూలై 1వ తేదిన ఆరంభమగును. పంట నూర్చి, ధాన్యము నమ్మి, రైతు చేతికి రూపాయలు వచ్చు నెలలను చూచి కిస్తులు ఏర్పఱచిరి. అనగా ఆ గడువులోనే ఋతువులకొక చోటుండెను. పంట పోయిన యేడు కరణము ఆ సంగతిని అడంగలులో వ్రాసెడివాడు. పై యుద్యోగి పొలము చూచెడివాడు. జమాబందిలో వజా సంగతి తేలెడిది. ఈ పద్ధతిలో ఒక గుణమును, ఒక దోషమును గలవు. ప్రభుత్వము పొలముకడకు వచ్చి నష్టమును చూచుట గుణము. ఆ నష్టము కాగితము మీదికెక్కుటకు పలువురి చేతులు దాటవలసియుండుట దోషము. ఏ చేతిలో కలము ఆగినను రైతు నోటిలో మన్నే. కరణము మునసబుల పదవులు 1984లో రద్దయినవి. కాని ఈ గుణదోషములు నేటికిని ఏదో యొక రూపమున మన వెంట వచ్చుచునే యున్నవి.

ఉపద్రవము మితిమీరినప్పుడు ఏమగునో తెలిసికొనుటకు మనము దూరము పోనక్కఱలేదు. 1832-33 సంవత్సరములలో, నందననామ సంవత్సరమున, గుంటూరు సీమలో వచ్చిన కఱవును మన పెద్దలు డొక్కల కఱవనిరి. ఆ సీమలోని అయిదులక్షల జనములో రెండులక్షలవఱకు నశించిరని చరిత్రకారులు వ్రాసియున్నారు. మనుష్యులు లేని ఊరికి శిస్తెవ్వరు కట్టుదురు? ఎద్దులు లేని పొలమును ఎవరు దున్నుదురు? గోదావరి ప్రాంతమునందును జనసంఖ్యయు, శిస్తు రాబడియు తఱిగిపోవుట చూచి, కారణములరయుటకై ప్రభుత్వమువారు హెన్రీ మాంట్‌గోమరీని నియమించిరి. అతని నివేదిక 1844లో వెలువడెను. పిమ్మట ఆర్థర్ కాటన్ యోజన ననుసరించి ధవళేశ్వరము ఆనకట్ట 1847లో ఆరంభమై 1852లో పూర్తియాయెను. ఆనకట్ట కథ మనకందఱకును తెలిసినదే. దాని వెనుకనున్న లెక్కను మాత్రము మఱచుచుందుము: రైతు నిలిచినగాని శిస్తు నిలువదు. ఈ యేటి కిస్తుకొఱకు రైతుచే కాడియెద్దులను అమ్మించినచో వచ్చు యేడు దున్నకమును లేదు, కిస్తును లేదు. కావున ఆపత్కాలమున ఇచ్చు వాయిదా, కఱవులో విత్తనపు గింజలను తినక దాచుకొనుట వంటిది. ఇచ్చినవానికిని అందులో లాభమే కలదు.

ఇక నష్టమును కొలుచువారెవరను ప్రశ్న కలదు. దీనికి గుజరాతు దేశములోని ఖేడా జిల్లా కథకు మించిన ఉదాహరణము లేదు. 1917లో అక్కడ అతివృష్టిచే పంటలు పాడయ్యెను. నాటి నిబంధన యేమనగా, పూర్తి పంటను పదునాఱణాలుగా నెంచినప్పుడు నాలుగణాలుగాని అంతకు తక్కువగాని పండినచో ఆ యేటి శిస్తు వసూలును నిలిపివేయవలెను. నిబంధన మంచిదే. పండినది నాలుగణాలకు పైననా, లోపలనా యన్న చోటనే చిక్కు వచ్చినది. పైననే యని ప్రభుత్వ లెక్క. లోపలనే యని రైతుల లెక్క. 1918 మార్చి నెలలో గాంధీగారును, వల్లభభాయి పటేలుగారును ఆ రైతుల పక్షమున సత్యాగ్రహమారంభించిరి. ఆ యేడు జూనులో అది ముగిసినది. శక్తి గలవారు కట్టవలెను, పేదలకు వాయిదా ఈయవలెనని యొడంబడిక. కాని పేదయెవరో నిర్ణయించు హక్కు పేదలకు దక్కలేదని గాంధీగారు తమ యాత్మకథలో వ్రాసికొనిరి. ఆ చిన్న వాక్యములో వాయిదాల ధర్మశాస్త్రమంతయు నిమిడియున్నదని నా యభిప్రాయము. ఉపశమనము కాగితము మీద నుండుట ఒకటి. అది ఎవరి నోటిమాటపై ఆధారపడియున్నదో అది మఱియొకటి.

శిస్తు కాలమునుండి నేటి పన్నుల కాలమునకు వత్తము. ఆదాయపు పన్ను, సరకులపై పన్ను మొదలగు వానిలో డబ్బుకంటె ముందు కాగితము వచ్చును. రిటర్ను అను లెక్కపత్రమును దాఖలు చేయవలెను. దానికి జమాఖర్చు పుస్తకములు, కొనుగోలు బిల్లులు, బ్యాంకి లెక్కలు కావలెను. శిస్తునాడు పొలము ఎక్కడికిని పోదు, మునిగినను చూపవచ్చును. పుస్తకము మునిగినచో చూపుటకేమియు మిగులదు. 1977 నవంబరు 19వ తేదిన దివిసీమపై ఉప్పెన పడినప్పుడు పదివేల ప్రాణములవఱకు పోయినవని అంచనా. ఇల్లే లేనిచోట ఇంటిలోని పెట్టె యెక్కడిది? పెట్టెలోని పట్టా యెక్కడిది? రసీదెక్కడిది?

2014 అక్టోబరు 12వ తేదిన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినది. తరువాత నాలుగు దినములకు ఒక కిరాణా వర్తకుడు నాకడకు వచ్చెను. ఊరిలో ఇంకను విద్యుత్తు లేదు. దారులలో కూలిన చెట్లు తీయుచునే యుండిరి. ఆతడు ఒక గోనెసంచిలో తన జమాఖర్చు పుస్తకములను తెచ్చి నా యరుగుమీద పెట్టెను. అవి తడిసి, ఉబ్బి, అట్టలు విడిపోయి యుండెను. నాటి చట్టము ననుసరించి ప్రతి నెలయు ఇరువదవ తేదిలోపల వెనుకటి నెల అమ్మకముల లెక్క దాఖలు చేయవలసియుండెను. అనగా ఇంకను నాలుగు దినములే.

ఆతడు నాతో ననిన మాటలు నాకు జ్ఞాపకమున్నవి: "ఆడిటరుగారూ, సరకు పోయినది, పోనిండు, అప్పు చేసియైనను మరల తెచ్చుకొందును. ఈ పుస్తకములు పోయిన తరువాత నేనెవరికెంత ఈయవలెనో, నాకెవరెంత ఈయవలెనో నేనెట్లు చెప్పుదును? చెప్పలేనిచో నన్ను దొంగ యనరా?"

ఆతని భయము పన్నును గూర్చినది కాదు. మాట పోవుటను గూర్చినది. మేమిద్దఱము ఆ పుటలను ఒకదానినుండి యొకటి మెల్లగా విడదీసి, పాత పత్రికల నడుమ నీడలో ఆరబెట్టితిమి. ఆరకముందే, చదువ శక్యమైన పుటలకెల్ల ఛాయాచిత్రములు తీసితిమి. పిమ్మట సంబంధించిన కార్యాలయమునకు ఒక యర్జీ వ్రాసితిమి. తుపాను తేది, అంగడిలో నిలిచిన నీటి యెత్తు, పాడైన పుస్తకముల పట్టిక, మిగిలిన కాగితముల పట్టిక, లెక్క దాఖలు చేయుటకు తనకు కావలసిన కాలము, ఇవి తప్ప అందులో వేఱు మాట లేదు. కార్యాలయము తెఱచిన దినముననే దానినిచ్చి, నకలుపై ముద్ర వేయించికొంటిమి. సరకిచ్చిన టోకు వర్తకులకు వ్రాసి బిల్లుల నకళ్లు తెప్పించితిమి. కొన్ని నెలల తరువాత ఆలస్యమునకు సంజాయిషీ కోరుచు నోటీసు వచ్చెను. ముద్ర పడిన ఆ నకలును చూపగా ఆ యధికారి చదివి యొప్పుకొనెను. ఇందులో మా ప్రజ్ఞ యేమియు లేదు. తేది గల కాగితము తేది గల నోటీసునకు జవాబు చెప్పినది.

కాని ఒక్క సంగతి నన్ను బాధించుచునే యున్నది. ఆతనికి నా ఇల్లు తెలియును గనుక వచ్చెను. ఎవరి ఇల్లును తెలియనివారు ఎందఱు?

ఈ గడువులో ఇంకొక కత్తి దాగియున్నది. దానిని చాలమంది చూడరు. వ్యాపారములో వచ్చిన నష్టమును తరువాతి ఎనిమిదేండ్ల లాభములలో తగ్గించుకొనుటకు మన ఆదాయపు పన్ను చట్టము అవకాశమిచ్చుచున్నది. అయితే ఆ నష్టము వచ్చిన యేటి రిటర్నును గడువులోపల దాఖలు చేసియుండవలెను. ఇప్పుడు ఆలోచింపుడు. వరదలో ఒక వర్తకునికి ఇరువది లక్షల నష్టము వచ్చినదనుకొందము. మఱుసటి యేడు ఇరువది లక్షల లాభము వచ్చినది. గడువులో లెక్క దాఖలు చేసియున్నచో రెండును చెల్లిపోయి, ఆ లాభముపై పన్నుండదు. గడువు తప్పినచో నష్టము నష్టముగానే మిగులును. లాభమునంతటిని లెక్కించి పన్ను కట్టవలెను. గడువు తప్పుటకు ఎక్కువ కారణమున్న సంవత్సరమే, గడువు తప్పినచో ఎక్కువ నష్టము కలిగించు సంవత్సరము కూడ నగుచున్నది. ఆలస్యమును మన్నింపుమని పై యధికారులకు అర్జీ పెట్టుకొను మార్గము లేకపోలేదు. కాని అది మరల కాగితముల త్రోవయే.

ఇక వివిధ దేశములలో వాయిదా నిచ్చు విధములను చూతము. స్థూలముగా ఇవి మూడు. ఉపద్రవము సోకిన ప్రాంతమును పేర్కొని, అక్కడి వారికందఱకును అడుగకుండనే ఇచ్చుట మొదటిది. ఒక్కొక్క ఉపద్రవమునకు ఒక్కొక్క ఉత్తరువు వెలువరించుట రెండవది. ఎవరికి వారు అర్జీ పెట్టుకొనగా విచారించి ఇచ్చుట మూడవది.

మొదటి విధమునకు జపానును చూడుడు. 2011 మార్చి 11వ తేదిన అక్కడ భూకంపమును, సముద్రపు పొంగును వచ్చెను. ఆ దేశమున ఆదాయపు పన్ను లెక్క దాఖలు చేయు కడపటి దినము ఆ యేడు మార్చి 15. అనగా నాలుగే దినములు. అక్కడి పన్నుల శాఖవారు అయోమొరి, ఇవాతె, మియాగి, ఫుకుషిమా, ఇబరాకి అను అయిదు మండలములను పేర్కొని గడువును పొడిగించిరి. శవములను వెదకుచున్నవారిని అర్జీ పెట్టుడని యడుగలేదు.

అమెరికా సంయుక్తరాష్ట్రములలోను ఇంచుమించు ఇదే పద్ధతి. ఒక ప్రాంతము ఉపద్రవప్రాంతమని ప్రకటింపబడినప్పుడు, అక్కడి చిరునామా గలవారికి పన్నుల శాఖవారు తమంత తామే గడువు జరుపుదురు. ఈ యధికారము వారి పన్ను చట్టములో నున్నది. 2019 నాటి చట్టము కనీసము అఱువది దినముల వాయిదాను విధిగా చేసినది. 2025లో దానిని నూటయిరువది దినములకు పెంచిరి. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ ప్రాంతమును కార్చిచ్చు దహించినప్పుడు అక్కడివారి గడువులు ఆ యేటి అక్టోబరు 15వఱకు జరిగినవి. ఇందులో మఱియొక మెచ్చదగిన యంశము కలదు. కాపురము వేఱొక చోటనున్నను, తన లెక్కపుస్తకములుగాని తన లెక్కలు చూచువాని కార్యాలయముగాని ఉపద్రవప్రాంతములో నున్నచో, ఆ సంగతి తెలిపి అతడును వాయిదా పొందవచ్చును. నీరు సోకినది మనిషినా, అతని కాగితమునా యను విచక్షణ వారు చేసిరి.

మన దేశమున ఎక్కువగా రెండవ విధము నడచుచున్నది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టము, తన 119వ సెక్షనులో, గడువులను సడలించు అధికారమును కేంద్ర ప్రత్యక్షపన్నుల బోర్డుకు ఇచ్చినది. 2018 ఆగస్టులో కేరళమును వరదలు ముంచినప్పుడు, ఆ రాష్ట్రమువారికి ఆగస్టు 31 గడువును సెప్టెంబరు 15కు మార్చిరి. సరకులు, సేవలపై పన్ను చట్టములో 2020లో చేర్చిన 168ఎ సెక్షను యుద్ధము, అంటువ్యాధి, వరద, అనావృష్టి, అగ్ని, తుపాను, భూకంపము అని పేర్లు చెప్పి, అట్టి సమయములలో గడువు పొడిగించుటకు ప్రభుత్వమునకు అధికారమిచ్చినది. ఇది సంతోషింపదగినదే. అయితే అధికారముండుట వేఱు. ఉత్తరువు వచ్చుట వేఱు. అది వేళకు వచ్చుట ఇంకను వేఱు. 2020లో కరోనా వ్యాధి కాలమున వ్యక్తుల ఆదాయపు పన్ను రిటర్నుల గడువు జూలై 31 నుండి నవంబరు 30కిని, అక్కడనుండి డిసెంబరు 31కిని, మరల 2021 జనవరి 10కిని మాఱినది. నాటి కష్టములో అది మేలే. కాని ఒక్కొక్కసారి కొన్ని దినములే జరుపుచు పోవుటవలన, రేపు గడువున్నదో లేదో తెలియక పెక్కురు గాభరాపడిరి. మంచమునకు సంకెలవేసి, తాళపుచెవిని దినమునకొక అంగుళము దగ్గఱకు జరిపినట్లుండెను.

వాయిదాకు గల హద్దులను కూడ చెప్పకున్న నా ప్రసంగము శ్రోతలను మోసపుచ్చినదగును. లెక్క దాఖలు చేయు గడువు జరిగినంతమాత్రమున డబ్బు కట్టు గడువు జరిగినదనుకొనరాదు. 2017 ఆగస్టులో హార్వీ తుపాను అమెరికాలో హ్యూస్టను నగరమును ముంచినది. అక్కడ మన తెలుగువారు పెక్కురు కాపురమున్నారు. అదివఱకే అదనపు గడువు తీసికొని 2016వ సంవత్సరపు లెక్క అక్టోబరులో దాఖలు చేయవలసిన వారికి 2018 జనవరి 31వఱకు వాయిదా వచ్చినది. కాని ఆ లెక్కకు చెందిన పన్ను సొమ్ము 2017 ఏప్రిలులోనే కట్టవలసినది గనుక, ఆ సొమ్మునకు వాయిదా లేదు. మన దేశమునను 2020లో గడువు జరిగినప్పుడు, స్వయముగా లెక్క కట్టి చెల్లించవలసిన పన్ను లక్షరూపాయలకు మించినవారికి వడ్డీ నడచుచునే యుండెను. ఉత్తరువులోని మొదటి పంక్తిని పత్రికలు పెద్దయక్షరములతో వేయును. మనకు వలసినది తఱచు చివరి పంక్తిలో నుండును.

ఇప్పుడు ఆక్షేపణలను విచారింతము. గడువులు సడలించినచో ఖజానా యేమగునని కొందఱందురు. వాయిదాలో అసలు పోదు. కొన్ని నెలలు ఆలస్యముగా వచ్చును. ప్రభుత్వము కోల్పోవునది ఆ నెలల వడ్డీ మాత్రమే. ఆ వడ్డీతో ఒక అంగడి మరల తలుపు తెఱచినచో, ఆ అంగడి ముందు యేండ్లలో కట్టు పన్ను ఆ వడ్డీని తీర్చదా? అడుగకుండ ఇచ్చినచో నష్టపడనివారు కూడ లాభపడుదురని మఱికొందఱందురు. నిజమే. మునిగిన వీథిలో మేడమీది వానికి నీరు సోకకపోవచ్చును. కాని వానికి వచ్చినది నాలుగు నెలల కాలము, రూపాయి కాదు. ఆ యొక్కనిని వేఱుచేయుటకై వీథిలోని నూర్గురిని సాక్ష్యములు తెమ్మనుట, ఎలుకకొఱకు కొంపకు నిప్పుపెట్టుటయే యగును. ఖేడాలో తేలినది కూడ ఇదియే. కొలత సూక్ష్మమైనకొలది వివాదము పెరుగును. వివాదము పెరిగినకొలది ఉపశమనము ఆలస్యమగును. ఆలస్యమైన ఉపశమనము అన్నిటికన్న ముందు పేదవానికే అందకపోవును.

ఇంకొక వాదము కలదు, అది బలమైనది. జరిపిన గడువులన్నియు ఒకే దినమున వచ్చి పడును. ఆనాడు రైతుగాని వర్తకుడుగాని రెండింతల భారము మోయవలెను. దీనికి జవాబు వాయిదాను మానుట కాదు. జరిపిన మొత్తమును కిస్తులుగా విడదీయవలెను. మన తాతలు కిస్తు అను మాటను ఊరక వాడలేదు.

ఇక శ్రోతలకు నా విన్నపములు. మొదటిది: పట్టా, రిజిస్ట్రేషను దస్తావేజులు, గత కొన్ని యేండ్ల పన్ను రసీదులు, లెక్కపుస్తకముల ముఖ్యపుటలు, వీనికి నకళ్లు తీసి వేఱొక ఊరిలోని బంధువుల యింట నుంచుడు, చేతిలోని ఫోనులో చిత్రములుగా నుంచి, వానినొకరికి పంపియుంచుడు. అక్టోబరు, నవంబరు మాసములు కోస్తావారికి తుపాను మాసములని వేఱుగ చెప్పనక్కఱలేదు. సరకును అటకమీదికెక్కించువారు పుస్తకములను మఱచుచున్నారు. రెండవది: ఉపద్రవము జరిగిన వెంటనే, వస్తువులను కదలింపకముందే, తేది తెలియునట్లు చిత్రములు తీయుడు. గ్రామ రెవెన్యూ యుద్యోగి నష్టపు పట్టిక వ్రాయ వచ్చినప్పుడు మీ పేరు అందులో చేరినదో లేదో చూచుకొనుడు. మూడవది: ఉత్తరువుకొఱకు ఎదురుచూచుచు ఊరకుండక, పన్ను కార్యాలయమునకు చిన్న యర్జీ వ్రాసి, అందినట్లు గుఱుతు తీసికొనుడు. నాలుగవది: వాయిదా ఉత్తరువు వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనుడు. మా ఊరు దీనిలో నున్నదా? ఇది లెక్కకా, సొమ్మునకా, రెండింటికినా? వడ్డీ ఆగినదా, నడచుచున్నదా? అయిదవది: నష్టము వచ్చిన యేడు పన్ను లేదుగదా యని రిటర్ను మానకుడు. ఆ యేటి కాగితమే తరువాతి యేండ్లకు మీ పెట్టుబడి.

ప్రభుత్వమువారికి నా వంటివాడు చెప్పదగినది కొద్దియే. ఉపద్రవప్రాంతమని ఒక మండలమును ప్రకటించు కాగితములోనే, ఆ మండలపు పన్ను గడువులన్నియు ఇన్ని నెలలు జరిగినవి యను ఒక పంక్తి యుండవలెను. తుపానులకు మనము ముందుగానే పేర్లు పెట్టియుంచుచున్నాము; అవి ఏ తీరమున ఏ గడియకు దాటునో ముందుగా చెప్పుచున్నాము; జనమును ఆశ్రయములకు తరలించుచున్నాము. ఇంతటి ముందుచూపు గలవారమై, గడువు సంగతిని మాత్రము ప్రతిసారియు కొత్తగా ఆలోచించుట యెందులకు? 2026 ఏప్రిలు 1వ తేదినుండి అమలగునట్లు 1961 చట్టము స్థానమున 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టమును చేసిరి. చట్టమును తిరుగవ్రాయ నేర్చినవారికి ఒక పంక్తిని చేర్చుట కష్టము కాదు.

గాలివానకు తేది లేదు. గడువునకు కలదు. తేది లేనిది వచ్చి తేది గలదానిని మీఱినప్పుడు, రెండవదానిని సవరించుట మనుష్యుల చేతిలోని పని. నీటిలోనుండి ఇప్పుడే బయటపడిన మనిషిని, ముందు ఒడ్డు మీద నిలువనిచ్చి, పిమ్మట లెక్క యడుగుట న్యాయము. ఒడ్డున నిలిచిన పిదప లెక్క చెప్పుట అతని ధర్మము. ఈ రెండు ధర్మములును ఒకదానినొకటి కాపాడుకొనవలెనని విన్నవించుచు, నా ప్రసంగమును ముగించుచున్నాను.